ఏటికొప్పాకలో ఉలికి ఊత

పిల్లలూ! అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మలు చూద్దామని వెళ్ళి, నేను ఒక చెక్కముక్కను చూస్తూ కూర్చుండిపోయాను.

అంకుడు కఱ్ఱను తరిమెనకు బిగించి తిప్పుతారు. పూర్వం ఒకరు తాడు లాగి తిప్పేవారు. ఇప్పుడు చాలాచోట్ల మోటారు తిప్పుతుంది. ఉలిని ఆనించటానికి కఱ్ఱ ముందు అడ్డంగా ఒక ఊత ఉంటుంది.

"నేనూ పట్టనా, బాబూ?" అన్నాను. కాసేపు బాగానే సాగింది. ఇంతేకదా అనుకున్నాను. చటుక్కున ఉలి దిగబడి, ముక్క ఎగిరి నా చెవి పక్కనుంచి పోయింది!

పనివాడు నవ్వలేదు. "కఱ్ఱ సన్నబడింది, సందు పెరిగింది, మేష్టారూ! తరిమెన ఆపి ఊత జరుపుకోవాలండి" అన్నాడు. నిజమే. ఉలిమొన ఊతను దాటి ఎంత ముందుకు పోతే, తిరిగే కఱ్ఱ దానిని అంత బలంగా కిందికి నొక్కుతుంది. మీ తూగుడుబల్ల లెక్కే. ఈ లెక్క నేను బడిలో ఎన్నిసార్లు చెప్పానో!

"ఈ ఊత ఎక్కడ కొన్నావు?"

"కొనటమేమిటండి? తుమ్మచెక్క చెక్కుకున్నాం. పైఅంచు నున్నగా ఉండాలి. గంటు పడితే ఉలి అక్కడే ఆగిపోతుంది."

బియ్యపుగింజంత సందు ఉంచి, మరో ముక్క బిగించాడు. ఈసారి బొంగరం చేశాను. అది కాస్త వంకరగా తిరుగుతుంది. మా మనుమడికి అదే ఇష్టం.