పెద్ద బ్యాంకు - చిన్న షేరు

ఇంటికి పెద్దకొడుకైనంతమాత్రాన సంపాదనపరుడు కావాలని వుందా? బ్యాంకుల సంగతీ అంతే. ఊరూరా బ్రాంచీలుంటాయి, కోట్లమీద కోట్ల డిపాజిట్లుంటాయి. షేరు మాత్రం పక్కబ్యాంకు షేరు పక్కన వెలవెలబోతూ వుంటుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకంటారేమో! హనుమకొండలో మా స్టాఫురూములో ఇప్పుడు ఛందస్సు కన్న షేర్ల గురించే ఎక్కువ చర్చ.

డిపాజిటు బ్యాంకు ఆస్తి కాదండీ, జనానికి అది పడ్డ బాకీ. ఆ డబ్బు అప్పులిచ్చి, వసూలు చేసుకుని, వడ్డీలూ జీతాలూ మొండిబాకీలూ పోగా మిగిలిందే వాటాదారుకి. బిందెకి చిల్లుంటే, అది ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం?

మన ఆంధ్రా బ్యాంకునే చూడండి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించారు. 1980లో జాతీయమైంది. తెలుగువాళ్లకి దానిమీద వున్న మమకారం ఇంతా అంతా కాదు. కాని బజారు మమకారానికి వెలకట్టదు. 2015లో రిజర్వు బ్యాంకు చాలా బ్యాంకుల ఖాతాలు తిరగేయించేసరికి, అంతవరకూ మంచివిగా చెలామణీ అయిన బాకీలెన్నో మొండివని తేలింది. 2018 మార్చి నాటికి ప్రభుత్వ బ్యాంకులిచ్చిన అప్పుల్లో నూటికి 14కి పైగా అటువంటివే. ఉక్కు, కరెంటు, రోడ్ల కంపెనీలకిచ్చిన పెద్ద అప్పులే అందులో ముఖ్యం. ఆ గుంట పూడ్చడానికి ప్రభుత్వం డబ్బు పోసి, బదులుగా కొత్త షేర్లు పుచ్చుకుంది. పాయసంలో నీళ్లు కలిపినట్టు పాత వాటాదారు భాగం పలచబడింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు, వెయ్యి షేర్లున్నవారికి 325 షేర్లు చేతికొచ్చాయి.

అయితే ప్రైవేటు బ్యాంకులే మేలంటారా? ఎచ్.డి.ఎఫ్.సి. బ్యాంకులో 2023 జూలైలో దాని మాతృసంస్థ కలిసింది. ఇళ్లమీద ఇచ్చిన అప్పులు కొండంత వచ్చిపడ్డాయి. వాటికి తగ్గ డిపాజిట్లు రాలేదు. 2024 జనవరి 17న ఆ షేరు ఒక్కరోజులో నూటికి 8కి పైగా పడింది. లాభం తగ్గి కాదు, జనం ఆశపడ్డంత కనపడక! ఇటు ప్రభుత్వ బ్యాంకుల మొండిబాకీలు 2025 మార్చికి నూటికి 3 కన్న తక్కువకి దిగాయి. వాటి షేర్లు కోలుకున్నాయి.

ఈమధ్య మా బావగారు రిటైరయి, వచ్చిన సొమ్ములో సగం చవగ్గా వున్న ఒక పెద్ద బ్యాంకు షేర్లలో పెడతానన్నారు. నేను పై లెక్కలన్నీ చెప్పాను. ఆయన వినలేదు. మా అక్కయ్య మాత్రం, "షేరు ఎప్పుడు లేస్తుందో ఆ దేవుడికే తెలియాలి. పిల్ల కాలేజీ ఫీజు జూన్‌లో కట్టాలిగా!" అంది. ఆ మాటకి బావగారి దగ్గర జవాబు లేకపోయింది. ఫీజు డబ్బు ఫిక్సెడ్ డిపాజిటులో పడింది. మిగిలిన కొంచెంతో ఆయన ముచ్చట తీర్చుకున్నారు.

చవకషేరు చెడ్డదనీ, ప్రియమైన షేరు మంచిదనీ ఎవరూ రాసిపెట్టలేదు. చిల్లు పూడుతోందా, పెరుగుతోందా అన్నదే చూడాలి. అది తేలేవరకూ ఆగగలిగిన డబ్బే అందులో పెట్టాలి.