ఆ 'స్' ఎవరిది?

ఓస్లోకి వచ్చిన రెండో ఏడు. చెల్లి పెళ్లికి ఇంటికి రావాలి. నా పర్మిట్ గడువేమో దగ్గర పడింది. రెన్యూవల్ నడుస్తుండగా దేశం దాటొచ్చా అని కనుక్కుందామని ఫోన్ చేశా. ఇంగ్లిష్‌లో అడిగితే అయిపోయేది. కానీ ఆర్నెల్లు సాయంత్రం క్లాసులకెళ్లిన పొగరు ఊరుకోదు కదా!

రెసిడెన్స్ పర్మిట్‌ని నార్వేజియన్‌లో 'ఒప్‌హొల్స్‌తిల్లాతెల్సె' అంటారు. మొత్తం ఒకటే మాట. మూడుసార్లు చెప్పా. మూడుసార్లూ అవతల్నుంచి "వా?" అనే. అంటే "ఏంటి?" అని. నాలుగోసారి ధైర్యం చాలక పెట్టేశా. ఆ తర్వాత చాలా రోజులు బ్రెడ్డు కొనడానికి కూడా ఇంగ్లిషే.

తప్పెక్కడో మా బిల్డింగ్ లాండ్రీ రూమ్‌లో తెలిసింది. పక్క ఫ్లాట్ పెద్దావిడ నాచేత ఆ మాట చెప్పించుకుని, "మధ్యలో ఈ 'స్తిల్' ఎక్కణ్నుంచొచ్చింది?" అని నవ్వింది. ఇంటికెళ్లి నోట్‌బుక్ చూశా. తెలుగులో రాసుకున్నా కదా, 'స్' కింద తవత్తు పెట్టి 'స్తి' చేసేశా! ఒత్తు తగిలించకపోతే మన చేతికి నిద్రపట్టదు. నిజానికి 'ఒప్‌హొల్' అంటే ఉండటం, 'తిల్లాతెల్సె' అంటే అనుమతి. మధ్యలో 'స్' రెండిటినీ అతికించే జిగురు. కానీ పలికేటప్పుడు ముందు మాటకే చెందుతుంది.

రెండో తప్పు బరువుది. మనం అక్షరాలన్నిటికీ దాదాపు రేషన్ ఇచ్చినట్టు సమానంగా పంచుతాం. ఆవిడ వాషింగ్ మెషిన్ మూత మీద కొట్టి చూపించింది: 'ఒప్' దగ్గర గట్టిగా, 'తిల్' దగ్గర కాస్త తక్కువగా, మిగతావి తేలిగ్గా. కోడ్‌లో మేం వాడే క్యామెల్ కేస్ లాంటిదే. మాట ఎక్కడ మొదలైందో, లోపల ఎక్కడ విరుగుతుందో చెవికి అలా తెలుస్తుంది. 'రోయిక్‌ఫ్రిత్' కలిపి అంటే పొగ లేని చోటు. విడగొట్టి రెండిటికీ సమానంగా బరువిస్తే 'హాయిగా పొగ తాగండి' అని! మధ్యలో ఖాళీ వదిలిన ఇలాంటి బోర్డులు చూసి నార్వే వాళ్లే నవ్వుకుంటారు.

వారం ప్రాక్టీస్ చేసి మళ్లీ ఫోన్ చేశా. ఒప్‌హొల్స్... తిల్లాతెల్సె. ఈసారి "వా?" లేదు. ఆమె గడగడా నార్వేజియన్‌లో నిమిషంపాటు సమాధానం చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"సారీ అండీ, ఇంగ్లిష్‌లో చెప్తారా?" అన్నా.