పేల దువ్వెన

ఆదివాసీ పిల్లలంటే తలనిండా పేలు అనే మాట నేను చదువుకునే రోజుల నుంచీ వింటున్నాను. పేనుకి కులం తెలియదు. శుభ్రమైన తలైనా దానికి ఒకటే. అది ఎగరలేదు, దూకలేదు. తలకి తల తగిలితే పాకుతుంది, అంతే. ఒక్క చాప మీద ఆరుగురు పడుకుంటే ఒకరి పేలు అందరికీ వస్తాయి. దాన్ని మురికి అనడం అన్యాయం. అది చాపలు చాలకపోవడం.

నేను ఐదో తరగతిలో ఉండగా హాస్టల్లో ఒక ఆదివారం మంగలిని పిలిపించి ఆడపిల్లలందరికీ జుట్టు కత్తిరించారు. ఏడిస్తే ఇంకా పొట్టిగా కత్తిరిస్తామన్నారు. తరవాత సంతకి వచ్చిన మా అమ్మ నన్ను చూసి, ఏ జ్వరమో వచ్చిందనుకుని నుదురు పట్టుకు చూసింది. సంగతి తెలిశాక ఒకటే అడిగింది: "పేలకి జుట్టు తియ్యాలా? అంత పెద్ద బడిలో ఒక దువ్వెన లేదా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ అడగాల్సి వస్తోంది. మొన్న పండగ సెలవులకి మా ఊరొచ్చిన ఇద్దరు అమ్మాయిలు మళ్లీ హాస్టల్‌కి పోమని కూచున్నారు. చదువు కష్టమై కాదు. పొట్టి జుట్టుతో సంతలో తిరగలేకపోయారు.

నిజానికి పని చాలా చిన్నది. మా అమ్మ మధ్యాహ్నం వెలుతురులో అరుగు మీద కూచోబెట్టి, చెవుల వెనక, మెడ మీద ముందు చూసేది. పేలు ఎక్కువగా దొరికేది అక్కడే. వెంట్రుక మొదట్లో అంటుకుని, గోటితో లాగినా ఊడి రాకపోతే అది ఈరు. దులిపితే రాలిపోయేది చుండ్రు. తలకి బాగా నూనె పట్టించి, చిక్కు తీసి, జుట్టుని పాయలు పాయలుగా విడదీసి, సన్నపళ్ల దువ్వెనతో కుదురు నుంచి కొస దాకా లాగాలి. లాగిన ప్రతిసారీ తెల్లగుడ్డకి తుడిస్తే ఎన్ని వచ్చాయో కనిపిస్తుంది.

చాలామంది ఒక్కరోజు దువ్వి వదిలేస్తారు. ఈరు పగలడానికి వారం, పది రోజులు పడుతుంది. పిల్లపేను పెరిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి ఇంచుమించు ఇంకో అంత. అందుకని మూడు నాలుగు రోజులకోసారి, కనీసం రెండు వారాలు దువ్వాలి. అదీ ఇంట్లో అందరికీ ఒకేసారి. మందుల షాపులో 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ దొరుకుతుంది. కడిగి తుడిచిన తలకి రాసి 10 నిమిషాలుంచి కడగాలి, వారం పది రోజులకి మళ్లీ రాయాలి. పసిపిల్లలకైతే డాక్టర్ని అడగకుండా వద్దు. పక్కబట్టలు తగలబెట్టక్కర్లేదు. తల వదిలిన పేను ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. వేడినీళ్లలో ఉతికి ఎండేస్తే చాలు.

మన ఇళ్లలో సీతాఫలం గింజలు నూరి రాస్తారు. పేలు చస్తాయి, నిజమే. కాని అది కంట్లో పడితే కంటిపొర దెబ్బతింటుంది. పెద్దలు చెప్పినవన్నీ నేను కాదనను గాని, ఇది మాత్రం మానమంటాను. కిరోసిన్ సంగతి సరేసరి, పొయ్యి దగ్గర తిరిగే పిల్లకి! పత్తి చేను మందు రాసేవాళ్లూ ఉన్నారు. ఆ విషం చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. పేనుతో పాటు పిల్లా పోవచ్చు.

మా బడిలో శనివారం ఆఖరి పీరియడ్ దువ్వెనలది. వేపచెట్టు కింద ఒకరి వెనక ఒకరు కూచుంటారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల తలలు చూస్తారు. ఆ గంటలో నేను అడక్కుండానే ఇంటి సంగతులన్నీ బయటికొస్తాయి. ఒక్కో తల అయ్యాక దువ్వెన వేడినీళ్లలో పది నిమిషాలు వేస్తాం. మగపిల్లలు మొదట్లో నవ్వారు. ఇప్పుడు వరసలో వాళ్లే ముందు.

ఆ ఇద్దరమ్మాయిలతో హాస్టల్‌కి నేనే వెళ్లాను. రెండు దువ్వెనలు, తెల్లగుడ్డ పట్టుకెళ్లి, అక్కడి వార్డెన్ ముందే ఒక పిల్ల తల దువ్వి చూపించాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ గడియారం చూసి, "నూట ఇరవై మంది ఉన్నారు టీచర్" అంది. పిల్లలు ఒకరికొకరు దువ్వుకుంటారు, ఆదివారం ఒక పూట ఇవ్వండి చాలు అన్నాను. చూద్దామంది. ఈసారికి కత్తెర మాత్రం బయటికి రాలేదు.

బడికి ఆరు దువ్వెనలు కొన్నాను. రెండు పోయాయి. అవి ఏ ఇళ్లలో ఉన్నాయో నాకు తెలుసు. అడగలేదు.