నాన్నగారి రాతలు, మా ఇంటి కంప్యూటరు

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలనగానే ఇంటిల్లిపాదికీ కలిగే సందేహం ఒక్కటే: "లోపల ఉన్నవి పోవు కదా?" మన టౌన్‌షిప్‌లో ఈ ప్రశ్న నన్ను అడగనివారు తక్కువ. ఎలక్ట్రికల్ ఇంజనీరుకు కంప్యూటర్లు కూడా తెలిసే ఉంటాయన్న నమ్మకం మనవారిలో బలంగా ఉన్నది. నిజానికి నాకు తెలిసినది స్విచ్‌గేరు. అయినా 2025 వేసవిలో ఆ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది కనుక శ్రద్ధగా సమాధానం వెదకక తప్పలేదు.

2020లో కొవిడ్ రోజులలో అమ్మాయి ఆన్‌లైన్ పాఠాల కోసం ఒక ల్యాప్‌టాప్ కొన్నాము. పాఠాలు ముగిశాక దానిపై సగం హక్కు మా నాన్నగారికి సంక్రమించింది. ఆయన విశ్రాంత తెలుగు పండితులు, ఎనభై మూడేళ్ళవారు. దివిసీమలోని మా ఊరి చరిత్ర వ్రాస్తున్నారు: చెరువులు, ఇంటిపేర్లు, కాలువ తగాదాలు, అన్నిటికంటె ముఖ్యంగా 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా ఊరు పోగొట్టుకున్నవారి పేర్లు. గడప గడపకూ వెళ్ళి సేకరించిన పేర్లవి. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ జాబితాలో మా మేనత్త పేరు కూడా ఉన్నది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

అమ్మాయి ఇంజనీరింగు మూడవ సంవత్సరానికి వచ్చింది. ప్రాజెక్టుకు హైపర్-వీ అనే సదుపాయం కావాలన్నది. ఒక కంప్యూటరు లోపల మరొక కంప్యూటరు ఉన్నట్లుగా నడిపించే ఏర్పాటు అది. మా యంత్రంలోని విండోస్ హోమ్ ప్రతిలో అది ఉండదు, ప్రో ప్రతిలో ఉంటుంది. బజారులో ఒక దుకాణదారుని అడిగితే, డిస్కు మొత్తం తుడిచి గంటలో ప్రో వేసి ఇస్తానన్నాడు. ఆ "తుడిచి" అన్న మాట నాన్నగారి చెవిన పడింది. ఆ రాత్రి ఆయన సరిగా భోజనం చేయలేదు.

తుడవవలసిన అవసరమే లేదు. ఒక తరం నుంచి మరొక తరానికి మారడం వేరు, ఒకే తరంలో ఒక ప్రతి నుంచి పై ప్రతికి మారడం వేరు. 2009లో ఎక్స్‌పీ నుంచి విండోస్ 7కు నేరుగా ఎక్కే మెట్టు లేదు. కొత్తది వేసి, ప్రోగ్రాములన్నీ మళ్ళీ పెట్టుకోవలసి వచ్చేది. డిస్కును ఫార్మాట్ చేయకుండా వేస్తే పాత ఫైళ్ళు విండోస్.ఓల్డ్ అనే సంచిలో మిగిలేవి. అది తెలియక, పోయాయనుకొని బాధపడినవారిని నేనెరుగుదును. హోమ్ నుంచి ప్రోకు మారడం అటువంటిది కాదు. స్విచ్‌యార్డులో ఫీడరు ముందే నిర్మించి, ఐసోలేటరు మాత్రం తెరచి ఉంచినట్లు, ప్రోకు కావలసిన సరంజామా చాలావరకు హోమ్‌లోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ అనే చోట ఇరవై అయిదు అక్షరాల కొత్త కీ ఇస్తే ఆ ఐసోలేటరు మూసుకుంటుంది. ఫైళ్ళు, ప్రోగ్రాములు, ఫాంట్లు ఉన్నచోటే ఉంటాయి. తిరిగి ప్రో నుంచి హోమ్‌కు దిగడానికి మాత్రం ఇంత సులువైన దారి లేదు. కనుక అవసరం ఉంటేనే ఎక్కాలి.

మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లలో తరచు కనబడే ప్రతి పేరు "హోమ్ సింగిల్ లాంగ్వేజ్". నాన్నగారు అది చదివి, "ఒకే భాష అంటే ఇంగ్లీషేనా? మరి ఇన్నాళ్ళూ నేను దొంగతనంగా వ్రాస్తున్నానా?" అన్నారు. తెరమీది మెనూల భాష ఒక్కటే ఉంటుందని దాని భావం. మనం ఏ భాషలో వ్రాసుకున్నా దానికి అభ్యంతరం లేదు.

"పది నిమిషాల పని నాన్నా, ఇప్పుడే చేసేద్దాం" అన్నది అమ్మాయి. పనికి పది నిమిషాలే కావచ్చును. లైన్ క్లియర్ తీసుకోకుండా లైను మీద చేయి వేయని ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు గడిపినవాడిని, నేను ఒప్పుకోలేదు. నాన్నగారి ఫైళ్ళన్నిటినీ ఒక బయటి డిస్కులోకి, మరొక పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. నకలు తీసినంత మాత్రాన నకలు ఉన్నట్లు కాదు కనుక ఆ డిస్కును పొరుగింటివారి కంప్యూటరులో తెరచి చూశాను.

కొత్త ప్రకరణాలు చక్కగా కనబడ్డాయి. ఉప్పెన ప్రకరణం తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు! ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, కుండలీకరణాలు గందరగోళంగా నిండి ఉన్నాయి. నాన్నగారు నా పక్కనే ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు, కుర్చీ చేయి పట్టుకున్నారు.

ఫైలు చెడిపోలేదు. ఆ ప్రకరణాన్ని 2004లో మా ఊరి దగ్గరి పట్టణంలో ఒక డీటీపీ వారు పాత రకం ఫాంటులో కొట్టి ఇచ్చారు. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు లేని యంత్రంలో అసలు స్థానాలే బయటపడతాయి. 1991 నాటికే యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల సొంత ఇల్లు కేటాయించింది, 2001లో ఎక్స్‌పీ గౌతమి ఫాంటును వెంట తెచ్చింది. అయినా అచ్చు పనివారు పాత అలవాటును చాలాకాలం వదలలేదు. మా యంత్రంలో ఆ ఫాంటు ఉన్నది కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు. దుకాణదారు మాట విని డిస్కు తుడిపించి ఉంటే, ఫైళ్ళు భద్రంగానే తిరిగివచ్చేవి, పేర్లు మాత్రం చదవడానికి వీలుండేది కాదు. ఫాంటు ఫైళ్ళను కూడా వెంటనే నకలు తీశాను.

మరొక జాగ్రత్త. చాలా ల్యాప్‌టాప్‌లలో హోమ్ ప్రతి ఉన్నా డిస్కు తనంతట తాను రహస్యలిపిలో ఉండవచ్చు. దాని తాళం నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ. సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. హైపర్-వీ కోసం బయోస్‌లో ఏదైనా మార్చవలసి వస్తే యంత్రం ఆ అంకెలు అడగవచ్చు. అవి చేతిలో లేకపోతే అన్నీ లోపలే ఉండి కూడా మనకు దక్కవు. అంకెలను కాగితంపై వ్రాసి బీరువాలో పెట్టాము.

ఆ ఆదివారం చార్జరు తగిలించి, కీ ఇచ్చాము. యంత్రం ఒకసారి ఆగి మళ్ళీ లేచింది. నాన్నగారు కళ్ళజోడు సవరించుకొని ఉప్పెన ప్రకరణం తెరచి, వేలితో ఒక్కొక్క పేరూ చూస్తూ చివరిదాకా వెళ్ళారు. తరువాతనే అమ్మాయికి ల్యాప్‌టాప్ అందింది.

అప్పటినుంచి పాత ప్రకరణాలను యూనికోడ్‌లోకి మారుస్తున్నాము. మార్చే సాధనాలు ఉన్నాయి కాని, వత్తులు అక్కడక్కడ తారుమారవుతున్నాయి. మనిషి పేరులో వత్తు మారితే ఆ మనిషి కాకుండా పోతాడని నాన్నగారి పట్టుదల. అందువల్ల ప్రతి పేరునూ ఆయన పైకి చదువుతారు, మనుమరాలు సరిచేస్తుంది. ఉప్పెన ప్రకరణం పూర్తయినది. కాలువ తగాదాల ప్రకరణం మిగిలి ఉన్నది. దానికి తొందర లేదంటున్నారు, వాది ప్రతివాదుల వారసులు ఇంకా ఊళ్ళోనే ఉన్నారట.