అందినట్టు రసీదు

రైల్వే తపాలాలో ముప్ఫై నాలుగేళ్లు ఉత్తరాలు వేరుచేసినవాడికి చివరకు మిగిలే జ్ఞానం ఒక్కటే: పంపడం వేరు, అందడం వేరు. సంచీ రైలెక్కించినంత మాత్రాన ఉత్తరం చేరినట్టు కాదు. అందుకే మా కాలంలో జాగ్రత్తపరులు రిజిష్టరు ఉత్తరానికి రసీదు కార్డు జతచేసి, అవతలివారి సంతకంతో అది తిరిగొచ్చేదాకా స్థిమితపడేవారు కాదు. ఈ బుద్ధి పింఛనుతో పాటు నా వెంట ఇంటికి వచ్చేసింది. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది. కంప్యూటర్ల లోకమంతా ఇదే చాదస్తం మీద నడుస్తోందని మొన్న వేసవిలో తెలిసి, నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మా ఇంట్లో ఓ పాత కంప్యూటరుంది. దాని లోపల తిరిగే డిస్కు కొంతకాలంగా టిక్కుటిక్కుమంటోంది. అది ఏ రోజైనా ఆగిపోవచ్చునని, సెలవులకు వచ్చిన మా మనవడు వైద్యుడి మొహం పెట్టి చెప్పాడు. అందులో నలభై గిగాబైట్ల సరుకుంది. ఎక్కువ భాగం ఫొటోలు. పోతే పోయాయి, ఆల్బములున్నాయి. కాని 2009లో మా చిన్నవాడు రికార్డు చేసిన మా అమ్మ పాటలు కూడా అందులోనే ఉన్నాయి. మేలుకొలుపులు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, అన్నీ కలిపి నలభై ఆరు. మరుసటి ఏడే అమ్మ పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

పాత యంత్రానికి పెన్‌డ్రైవు పెట్టే చోటు పాడైంది గనక, కొత్త కంప్యూటరుకూ దానికీ నెట్‌వర్కు తీగ కలిపి పంపడమొక్కటే దారి అన్నాడు మనవడు.

"ఎంతసేపు పడుతుందిరా?" అన్నాను.

"తీగ సెకనుకు వంద మెగాబిట్లు మోస్తుంది తాతయ్యా. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. నలభై గిగాబైట్లకు గంట చాలదూ?"

లెక్క బాగానే ఉంది. కాని రెండున్నర గంటలు పట్టింది. కారణం చిన్న చిన్న ఫొటోలు వేలకొద్దీ ఉండటమేనట. ప్రతి ఫైలుకూ పేరు రాసుకోవడం, తెరవడం, మూయడం తప్పవు. నాకు వింత అనిపించలేదు. పెద్ద పార్సెలు ఒక్కటి పుచ్చుకోవడం సులువా, వంద కార్డులు రిజిష్టర్లో ఎక్కించడం సులువా? ఏ గుమాస్తానైనా అడగండి!

ఆ రెండున్నర గంటలూ వాడు నాకు పాఠం చెప్పాడు. ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఫైళ్లు పంపే పద్ధతిని మొదట రాసిపెట్టినవాడు మనవాడేనట. పేరు అభయ్ భూషణ్. అలహాబాదులో పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి. తొలి బ్యాచిలో చదివి, అమెరికాలో ఎం.ఐ.టి.లో ఉండగా 1971 ఏప్రిల్లో ఆ నియమాలు రాశాడు. దానికే ఎఫ్.టి.పి. అని పేరు.

తర్వాత 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతి వింటే మాత్రం నాకు మా సార్టింగు పెట్టె గుర్తొచ్చింది. ఫైలు ఫైలుగా పోదు, ముక్కలై పోతుంది. మా ఇంటి తీగ మీద ఒక్కొక్క ముక్క మహా అయితే 1500 బైట్లు. అంటే అయిదు మెగాబైట్ల పాట మూడు వేల పైచిలుకు ముక్కలవుతుంది. ప్రతి ముక్కా ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో దాని మీదే రాసి ఉంటుంది. అవతలి యంత్రం అందినంతవరకు అందినట్టు రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే ఇవతలి యంత్రం ఆ ముక్కను మళ్లీ పంపుతుంది. ముందు వెనకలుగా చేరినా వరసలో పేర్చుకుంటుంది. చూశారా, మా రసీదు కార్డు!

"మరి దారిలో ఎవరైనా చదివితేనో?" అన్నాను. పాత ఎఫ్.టి.పి.లో సంకేతపదం కూడా కార్డు మీద రాసినట్టు బయటికే కనిపించేదట. ఫిన్లండులో తాను చదివిన విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో అలా సంకేతపదాలు కాజేస్తే, 1995లో తాతు యులొనెన్ అనే ఆయన అన్నిటినీ కవరులో పెట్టి అంటించి పంపే పద్ధతి కనిపెట్టాడట. మేమూ ఆ కవరులోనే పంపాం.

"అయిపోయింది తాతయ్యా! నూటికి నూరు" అన్నాడు వాడు చివరికి.

మా ఆవిడ వంటింట్లోంచే, "ఇంక ఆ డొక్కును పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్యండి, వీధిలోనే ఉన్నాడు" అంది.

"ముందు లెక్కపెట్టు" అన్నాను.

ఇటు పాటలు నలభై ఆరు. అటు నలభై మూడు!

మనవడి మొహం చిన్నబోయింది. వెతికితే సంగతి తేలింది. మా చిన్నవాడు ఆ మూడింటికీ పేరుతో పాటు పాడిన వేళ కూడా వేశాడు, గంటకూ నిమిషాలకూ మధ్య రెండు చుక్కలు పెట్టి. పాత యంత్రానికి అది సమ్మతమే. కొత్తదాని పద్ధతిలో పేర్లలో ఆ చుక్కలు నిషిద్ధం. అంచేత పుచ్చుకోలేదు. పంపే సాధనం ఆ మాట ఓ మూల చిన్న అక్షరాలతో రాసి, తన దారిన తాను పోయింది. రసీదులన్నీ ముక్కలకే గాని, మొత్తం సంచీకి కాదన్నమాట. ఆ లెక్క మనిషే చూసుకోవాలి.

చుక్కలు తీసి గీతలు పెట్టి మళ్లీ పంపాం. ఈసారి వాడే ముందుకొచ్చి, ప్రతి పాటకూ రెండు వైపులా అరవై నాలుగు గుర్తుల ముద్ర తీసి పోల్చాడు. పాటలో ఒక్క బైటు మారినా ముద్ర మొత్తం మారిపోతుందట. నలభై ఆరూ సరిపోయాయి.

ఆ మూడింట్లో ఒకటి తెల్లవారుజామున పాడిన మేలుకొలుపు. పెట్టి విన్నాం. రెండో చరణం మధ్యలో అమ్మ పాట ఆపి, "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి చూడు!" అని కేకేసి, మళ్లీ అదే శ్రుతిలో అందుకుంది.

మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. కాస్సేపటికి కొంగుతో కళ్లొత్తుకుని, "ఆ డొక్కును అటకెక్కించండి, ఇప్పుడే ఎవరికీ ఇవ్వొద్దు" అంది. మళ్లీ రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "విశాఖలో అమ్మాయికి కూడా ఒక నకలు పంపండి. నలభై ఆరూ అందాయని చెప్పించుకోండి, పంపేశాం గదా అని ఊరుకోకండి!" అంది.