కారులో రబ్బరు కాలిన వాసన వస్తే ముందు ఏం చూడాలి?

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన మాచవరం చుట్టుపక్కల ఊళ్ళల్లో సెకండ్ హ్యాండ్ కార్లు బాగానే పెరిగినయ్. మిరపకి రేటొచ్చిన ఏడు కొన్నవాళ్ళు కొందరు, పెద్దవాళ్ళని ఆస్పత్రులకు తిప్పడానికి కొన్నవాళ్ళు కొందరు. పాత బండి అన్నాక ఏదో ఒకరోజు రబ్బరు కాలిన వాసన రాక తప్పదు.

నాదీ పాత డీజిల్ బండే. నాన్నను నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన వారంలోనే ఆ వాసన మొదలైంది. ఒక మెకానిక్‌కి చూపిస్తే బానెట్ కూడా ఎత్తకుండా "క్లచ్ పోయింది, 14 వేలు అవుద్ది" అన్నాడు. "బండి న్యూట్రల్‌లో ఉండి, కాలు క్లచ్ మీద లేకపోయినా వాసన వస్తుందయ్యా, క్లచ్ ఎట్టా కాలుద్ది?" అన్నా. సమాధానం లేదు. ఇంటికి తెచ్చుకున్నా.

చేలో మోటారు కాలితే మనం ఏం చేస్తాం? ఒక ఫేజు పోయిందా, బేరింగ్ పట్టేసిందా అని చూస్తాం. అది చూడకుండా వైండింగ్ చేయించి దించితే మళ్ళీ కాలుద్ది. కారుకీ అదే లెక్క. కాలింది ఏదో తెలిస్తే సరిపోదు, ఎందుకు కాలిందో తెలియాలి.

నా బండిలో ఏసీ వేస్తే వాసన ఎక్కువయ్యేది. పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమనేది. ఇంజన్ పూర్తిగా చల్లారాక చూస్తే బెల్టు అంచులు నున్నగా మెరుస్తున్నాయి, చుట్టూ నల్లటి పొడి. తెలిసిన ఇంకో మెకానిక్‌ని పిలిచి బెల్టు తీయించి, పుల్లీలు ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూశాం. అన్నీ తిరిగినయ్, బెల్టుని బిగువుగా పట్టుకునే పుల్లీ ఒక్కటే గరగరమంటూ పట్టేసింది. బేరింగ్ పోయింది. బెల్టు ఒక్కటే మారిస్తే కొత్తది కూడా కాలేది. రెండూ మార్చినా, కూలితో కలిపి క్లచ్‌కి చెప్పిన దాంట్లో మూడో వంతు కాలేదు. నా బండిలో నీళ్ళ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే. దారిలో తెగితే ఇంజన్ కాగిపోయి, నాన్నతో నడిరోడ్డు మీద ఉండేవాళ్ళం.

కాబట్టి వాసన ఎప్పుడు వస్తుందో పట్టుకోండి.

ఎత్తు ఎక్కేటప్పుడో, రేగడి బురదలో దిగబడి హాఫ్ క్లచ్ మీద లాగినప్పుడో వస్తే క్లచ్. బండిని కాసేపు చల్లారనివ్వండి. మామూలు రోడ్డు మీద కూడా ఇంజన్ మోత పెరిగి బండి ముందుకు లాగకపోతే అప్పుడు ప్లేటు చూపించండి.

ప్రయాణం అయ్యాక ఒక చక్రం దగ్గరే సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసింది. ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందా చూడండి. చక్రాన్ని ముట్టుకోవద్దు, నీళ్ళు కొట్టొద్దు. వేడి ఇనుము పగలొచ్చు.

గుంటలో పడ్డప్పుడే వస్తే టైరు రుద్దుకుంటోంది. 45 కేజీల యూరియా బస్తాలు నాలుగు డిక్కీలో వేసి, పైన మనుషులం ఎక్కితే జరిగేది ఇదే.

రోడ్డు మీద ఆరబోసిన కంది కట్టె, గడ్డి మీదుగా పోయాక వాసన వస్తే వెంటనే ఆపి కిందికి వంగి చూడండి. ఇరుసుకి చుట్టుకున్న గడ్డి, సిలెన్సర్‌కి అతుక్కున్న పట్టా ముక్క అంటుకోవచ్చు. రోడ్డు మీద పంట పోసేది మనమే కాబట్టి ఈ మాట మనకే.

వైరు కాలిన ఘాటు వాసన అన్నిటికంటే ప్రమాదం. ధాన్యం బస్తాల పక్కన బండి పెడితే ఎలుకలు బానెట్‌లో దూరి వైర్లు కొరుకుతాయి. ఇంజన్ ఆపి, పొగ లేకపోతేనే బ్యాటరీ మైనస్ వైరు తీయండి. స్టార్టర్ డబ్బాలో లావు తీగ చుట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. కారులో ఫ్యూజు పోతే ఆ పని చేయొద్దు. ఫ్యూజు కాలాల్సిన చోట వైరు కాలుద్ది, ఆ తర్వాత బండి.

బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలి మంట లేస్తుంది. ఇంజన్ ఆపి, అందరినీ దించి దూరం తీసుకెళ్ళండి. మామూలప్పుడు కూడా ఇంజన్ తిరుగుతుంటే బెల్టు దగ్గరికి చేయి, మెడలో కండువా పోనివ్వొద్దు. కొన్ని బండ్లలో ఇంజన్ ఆపినా ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది.

మన ఎండలకి బెల్టు రబ్బరు తొందరగా గట్టిపడి పగుళ్ళిస్తుంది. వేసవి ముందు ఒకసారి చూపించుకోండి. మెకానిక్‌తో ఉత్తగా "వాసన వస్తుంది" అనొద్దు. "ఏసీ వేస్తే ఎక్కువవుద్ది, బండి నిలబెట్టినా వస్తుంది" అని చెప్పండి. వెతకాల్సిన చోటు సగం తగ్గిపోద్ది, మన జేబులో డబ్బులూ మిగులుతాయి.