గేటుకి అడ్డంగా

బహ్రెయిన్‌లో ఇంటి చిరునామా చెప్పడం చాలా తేలిక. "రామాలయం ఎదురుసందు, పాలకేంద్రం పక్కన మేడ" అంటూ దారి పొడుగునా చెప్పుకురానక్కర్లేదు. ఇంటి నంబరు, రోడ్డు నంబరు, బ్లాకు నంబరు... ఈ మూడూ చెబితే చాలు, పిజ్జా కుర్రాడు తలుపు ముందుంటాడు. పొద్దస్తమానం డేటాబేసులతో కుస్తీ పట్టే నాలాంటివాడికి ఈ పద్ధతి తెగ నచ్చేసింది. ప్రతి ఇంటికీ ప్రైమరీ కీ ఉన్న దేశం మరి! కానీ ఎవరి గేటు ముందు ఎవరి బండి ఉండాలన్నది మాత్రం ఆ నంబర్లలో ఎక్కడా రాసిలేదు. ఈ కథంతా దాని గురించే.

2016 సెప్టెంబర్లో మేం ఈసా టౌన్‌కి ఇల్లు మారాం. కారణం మామూలే, మావాడి బడి. ఇండియన్ స్కూల్ దగ్గర్లోనే ఉంటుంది. పాత ఇంట్లో కింది వాటా మాది, ముందు ఒక కారు పట్టేంత రేకుల షెడ్డు, దానికి ఇనుప గేటు. ఇల్లుగలాయన వంటగది కన్నా ముందు ఆ షెడ్డే చూపించాడు. జూలై మధ్యాహ్నం ఎండలో పెట్టిన కారు స్టీరింగు ఎప్పుడైనా పట్టుకున్నవాళ్ళకి ఆ షెడ్డు విలువేమిటో నేను చెప్పక్కర్లేదు. అద్దె పది దీనార్లు ఎక్కువైనా సరేననేశాను.

రెండో వారం ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటుకి అడ్డంగా ఓ తెల్ల ల్యాండ్ క్రూయిజర్. పక్కింటాయనది. అరవై దాటిన బహ్రెయినీ పెద్దమనిషి, తెల్లని తోబు, చేతిలో ఎప్పుడూ ఓ తస్బీ. వీధంతా ఆయన్ని పెద్దకొడుకు పేరుతో "అబూ ఫలానా" అని పిలుస్తుంది. ఇక్కడ నేను పెద్దాయన అనే అంటాను. ఏదో కాసేపటికి పెట్టుంటాడులే అనుకుని, నా కారు తీసుకెళ్ళి రెండు వీధుల అవతల మసీదు పక్కనున్న ఖాళీ జాగాలో పెట్టి నడుచుకుంటూ వచ్చాను.

అదే నేను చేసిన తప్పు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పదిహేను రోజులు తిరిగేసరికి అది నా దినచర్య అయిపోయింది. శుక్రవారాలైతే ఇంకా తమాషా. మధ్యాహ్నం నమాజుకి వచ్చినవాళ్ళ బండ్ల మధ్య నా కారు ఇరుక్కుపోయేది. నమాజు అయ్యేదాకా ఇంట్లోంచి కదలడానికి లేదు. కూరగాయల సంచులు పట్టుకుని రెండు వీధులు నడిచొస్తుంటే మా ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం నాకుండేది కాదు.

"ఏవండీ, వెళ్ళి ఒక్క మాట అడగొచ్చుగా? పది దీనార్లు ఎక్కువ కడుతోంది ఆయన బండి కోసమా?"

"అడుగుతాలే..."

అడగలేదు. గూగుల్ చేత అరబ్బీలోకి తర్జుమా చేయించి మర్యాదగా ఓ చీటీ తయారుచేశాను. వైపరు కింద పెడదామని మూడు సార్లు బయటికి వెళ్ళాను, మూడు సార్లూ జేబులోనే పెట్టుకుని వెనక్కొచ్చాను. ఆ అరబ్బీలో ఏ తప్పుందో, ఏ మాట తిట్టయి కూర్చుందో అని భయం.

తెలుగు వాళ్ళమంతా కలిసినప్పుడు ఓసారి ఈ సంగతి కదిపాను. ఒకాయన "ఇందులో ఆలోచించేదేముంది గురూ, 2014లోనే ఇక్కడ కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది, ఒక ఫోన్ కొట్టు" అన్నాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, "మనకెందుకండీ. రెసిడెన్సీ మీద బతికేవాళ్ళం. వాళ్ళ ఊరు, వాళ్ళ వీధి. సర్దుకుపోవాలి" అన్నాడు. ఆ రెండో మాటే నాకు నచ్చింది, ఎందుకంటే దానికి నేను చెయ్యాల్సిందేమీ లేదు. పైగా నేనెంత మర్యాదస్తుణ్ణో అని కాస్త గర్వం కూడా!

కానీ లోపల జరుగుతున్నది మర్యాద కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన "సలాం" అంటే పళ్ళ బిగువున సలాం అనేవాణ్ణి. వాళ్ళింట్లోంచి నవ్వులు వినబడితే మమ్మల్ని చూసే నవ్వుకుంటున్నారనిపించేది. రాత్రుళ్ళు పడుకుని ఆయనతో వాదించేవాణ్ణి. ఆ వాదనల్లో ఎప్పుడూ నాదే గెలుపు.

ఈ రోగం మా ఇంట్లో కొత్తది కాదు. తెనాలిలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య మూడడుగుల సందు ఉండేది. 1986లో పక్కింటాయన తూము నీళ్ళు ఆ సందులోకి వదిలాడు. నాన్న వెళ్ళి అడగలేదు. "ఆయనకి తెలీదా, చెప్పాలా?" అన్నాడు. ఆయనా అనే ఉంటాడు, "అభ్యంతరముంటే చెప్పరా?" అని. ముందు మాటలు ఆగిపోయాయి, తర్వాత ప్లీడరు నోటీసు, ఆ తర్వాత కోర్టు. 1995లో నేను ఇంటర్ చదువుతుండగా ఆయన పోయాడు. ఊరంతా వచ్చింది. నాన్న మాత్రం కిటికీ రెక్క వెనకాల నిలబడి శవం వీధి మలుపు తిరిగేదాకా చూశాడు, గడప దాటలేదు. 1999లో తీర్పొచ్చింది. సందు ఇద్దరికీ ఉమ్మడిదట! గొడవకి ముందు రోజు ఎలా ఉందో అలాగే. పదమూడేళ్ళు పట్టింది.

నేనూ కిటికీ రెక్క వెనకాలే నిలబడి ల్యాండ్ క్రూయిజర్ని చూస్తున్నానని నాకప్పుడు తట్టలేదు.

2017 మే నెల. రెండు రోజులుగా దుమ్ముగాలి. ఆ సాయంత్రం చిత్రంగా గేటు ముందు బండి లేదు. ఎనిమిది నెలల్లో అలాంటి సాయంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పండగలా కారు షెడ్డులో పెట్టి, నిశ్చింతగా పడుకున్నాను. రాత్రి రెండింటికి మా ఆవిడ లేపింది. మావాడికి ఆయాసం. ఇన్హేలరు పనిచెయ్యడం లేదు, పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. వాణ్ణి భుజాన వేసుకుని గేటు తీశాను.

ఎదురుగా తెల్ల ల్యాండ్ క్రూయిజర్.

అప్పుడు నాకు రెసిడెన్సీ గుర్తురాలేదు, మర్యాద గుర్తురాలేదు. కారు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. వీధిలో లైట్లన్నీ వెలిగాయి. పెద్దాయన లుంగీ మీద పరుగెత్తుకొచ్చాడు. నా భుజం మీది పిల్లాణ్ణి చూశాడు. మారు మాట లేదు. ల్యాండ్ క్రూయిజర్ వెనక తలుపు తీసి, "ఎక్కండి" అన్నాడు. నా కారు బయటికి తీసే వ్యవధి కూడా ఇవ్వలేదు. సల్మానియా ఆసుపత్రి దాకా ఆయన ఎన్ని సిగ్నళ్ళు చూశాడో, ఎన్ని చూడలేదో నేను చెప్పను.

నెబ్యులైజర్ పెట్టాక మావాడి ఊపిరి కాస్త కుదుటపడింది. బయట బెంచీ మీద కూర్చున్నాం. గల్ఫ్‌లో అందరూ మాట్లాడే ఆ విరిగిన హిందీలో ఆయన అడిగాడు, "నీ కారు లోపలుందా? నువ్వు మసీదు దగ్గర పెడతావు కదా?"

"మీ బండి అడ్డముంటే ఇంకెక్కడ పెట్టను?"

ఆయన నావంక చాలాసేపు చూశాడు. "నువ్వు రోజూ అక్కడే పెడుతుంటే నీకు ఈ గేటుతో పనిలేదనుకున్నాను. ఇంతకు ముందున్నాయనకి కారే లేదు. ఎనిమిది నెలలు... ఒక్కసారి నా తలుపు ఎందుకు కొట్టలేదు?"

నా దగ్గర జవాబు లేదు. మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. టికెట్ రెయిజ్ చెయ్యకుండా వర్కరౌండ్ పెట్టుకుని నెట్టుకొచ్చేవాడి బగ్‌ని ఎవడూ ఫిక్స్ చెయ్యడు. అసలు బగ్ ఉందనే ఎవడికీ తెలియదు. క్లయింట్లకి ఈ పాఠం చెప్పి డబ్బులు తీసుకునేవాణ్ణి నేను!

కాసేపాగి ఆయనే తల వంచుకుని అన్నాడు, "గేటు కనబడదా నాకు? కనబడుతుంది. నువ్వు ఏమీ అనకపోయేసరికి నాకు సుఖంగా ఉంది. అంతే." ఆ మాటతో ఆయన మీద నా కోపం సగం పోయింది.

మిగతా సగం వారం తర్వాత వాళ్ళ మజ్లిస్‌లో ఖహ్వా తాగుతుంటే పోయింది. ఈసా టౌన్ 1960లలో కట్టిన ఊరు. అప్పట్లో ఇంటికో కారుంటే గొప్ప. ఇప్పుడు పెద్దాయనకి ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి, ఇంట్లో నాలుగు కార్లు. రెండో కొడుకు ప్రభుత్వమిచ్చే ఇంటికి దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. ఈ లోపల ఎక్కడుండాలి? వాళ్ళ గ్యారేజీకి గోడ కట్టి, ఏసీ పెట్టి, గదిగా మార్చారు. కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలూ అందులోనే. గ్యారేజీలోకి సంసారం వెళ్ళింది, గ్యారేజీలోని బండి నా గేటు ముందుకొచ్చింది. మనిళ్ళల్లో వసారాకి తడిక కట్టి కొత్త దంపతులకి గది చెయ్యలేదూ? అదే కథ, కాస్త పెద్ద బండితో.

"అయితే మాత్రం, గేటు మనదేగా?" అంది మా ఆవిడ. నిజమే. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: రాత్రి పదింటి దాకా గేటు ఖాళీగా ఉండాలి. నా కారు లోపలికొచ్చాక ఆయన బండి అడ్డం పెట్టుకోవచ్చు. కానీ దాని రెండో తాళం చెవి మా ఇంట్లో ఉంటుంది. "రాత్రైనా పగలైనా నన్ను లేపక్కర్లేదు, తీసి పక్కన పెట్టు" అన్నాడు. అరబ్బులకో సామెత ఉంది, అల్ జార్ కబ్ల్ అద్దార్, ఇల్లు చూసుకునే ముందు పొరుగు చూసుకోమని. ఆయన అది చెప్పినప్పుడు నేను జేబులోని చీటీ గురించి చెప్పాను. తెమ్మని చదివి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అందులో ఏం రాసుందో ఈ రోజు దాకా నాకు చెప్పలేదు.

అంత పెద్ద బండి తియ్యాలంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. మా ఆవిడే తీస్తుంది.

2018 డిసెంబర్లో నాన్న వచ్చాడు. వచ్చిన రోజే దేవుడి గూటి పక్కన మేకుకి వేలాడుతున్న తాళం చెవి చూసి "ఎవరిదిరా?" అన్నాడు. అంతా చెప్పాను. ఆసుపత్రి బెంచీ మీద ఆయనడిగిన ప్రశ్న కూడా చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. టీవీ పెట్టుకున్నాడు.

సాయంత్రం చూస్తే ఇంట్లో లేడు. బయట పెద్దాయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈయనకి తెలుగు తప్ప రాదు, ఆయనకి తెలుగు తప్ప కాస్తో కూస్తో అన్నీ వచ్చు. ఇద్దరూ చిన్న చిన్న కప్పుల్లో ఖహ్వా తాగుతూ వీధి చూస్తున్నారు. రాత్రి భోజనాల దగ్గర నాన్న అన్నం కలుపుతూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు:

"ఆ సందు మూడడుగులే కదరా."